పేరు చెప్పని కేక

శ్రీ

కర్నూలు,
ఫిబ్రవరి 11, 2007

క్రిస్టీ,

నిన్న మా బావగారు ఎర్రగుంట్ల నుంచి తిరిగొచ్చి, భోజనాల దగ్గర కూర్చుంటూనే, "ఆ సిమెంటు ఫ్యాక్టరీ కంప్యూటర్ రూములో ఒక పాప ఉండాది. టీ గూడా తాగనీలేదు, ఒకటే ప్రశ్నలు" అన్నారు. పేరు అడగాల్సిన పని లేకపోయింది. హాస్టల్లో మెస్ మేనేజరును ఏడిపించిన నోరు ఇంకా అలాగే ఉందని సంతోషించాను.

మీ ఫ్యాక్టరీకి మా బావగారు జ్ఞానేశ్వర్ అమ్మిన ప్రోగ్రాం రాసింది నేనే. మామగారి నూనె కొట్టు పైన మేడగదిలో కూర్చుని రాశాను. కింద వేరుశనగ నూనె, పైన సాఫ్ట్‌వేర్. మా ఇంటివాళ్ళ కంపెనీ దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది కానీ నేను దాన్ని 'కాపలా' అంటాను. డిస్కు మీద ఉన్న ఏ ఫైలును ఎవరు తెరిచారు, ఎవరు రాశారు, ఎవరు చెరిపారు, ఎవరు ఇంకోచోటికి మార్చారు, అన్నీ చూసి చిట్టా రాస్తుంది. అంతకుమించి దానికి తెలివి లేదు.

అందులో మీ నాన్నగారు లాజరు మామ భాగం ఒకటుంది. పరీక్షలయ్యాక మీ బేతంచెర్లకు వచ్చినప్పుడు రాళ్ళగని చూపించారు కదా. తూటాలు పేల్చేముందు గనికి వచ్చే దారి దారికీ ఒక మనిషి ఎర్రజెండాతో నిలబడతాడు. మేస్త్రీ కేక వేస్తే ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి పలకాలి. ఒక్కరు పలక్కపోయినా పని ఆగిపోతుంది. ఊరికే 'ఓ' అంటే చాలదా అని నేనడిగితే లాజరు మామ నవ్వి, "ఓ అంటే గుట్ట గూడా ఓ అంటాదమ్మా. మనిషైతే పేరు జెప్పాల" అన్నారు. నేను అదే పెట్టాను. ప్రతి సర్వరూ కాసేపటికోసారి తన పేరు చెప్పి 'ఉన్నా' అనాలి. పలక్కపోతే ఎర్రదీపం వెలుగుతుంది. మామకు చెప్పు.

ఇకమీద మెయిల్ వద్దు. ఆఫీసు మెయిళ్ళు ఎవరెవరు తెరుస్తారో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఫోను హాల్లో ఉంది, హాల్లో అత్తయ్య ఉన్నారు. సెల్లు మా ఆయన జేబులో. కాగితం మీద రాసుకుందాం. కాగితాన్ని చూసే ప్రోగ్రాం ఇంకా ఎవరూ రాయలేదు.

నీ
వాసవి

*

ఎర్రగుంట్ల,
మార్చి 4, 2007

ప్రియమైన వాసవికి,

ప్రభువు నామంలో వందనాలు. కాగితం ఎడమ మూల నువ్వు పెట్టే చిన్న శ్రీ చూడగానే పరీక్ష పేపరు మీద కూడా అది పెట్టి తిట్లు తిన్న రోజు గుర్తొచ్చింది. పుట్టింటి అలవాటు ఇంకా వదల్లేదన్నమాట.

నీ కాపలా వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఇక్కడ నన్ను పోలీసమ్మ అంటున్నారు. క్లర్కులు నా గది ముందునుంచి పోయేటప్పుడు గొంతు తగ్గిస్తున్నారు, అదొక్కటీ లాభం.

ఇప్పుడు నష్టం చెప్తాను, కోప్పడకు. మా దగ్గర నాలుగు సర్వర్లు, అన్నిటికీ కలిపి ఒకే డిస్కు. గేటు వాళ్ళు ఒక సర్వరు ద్వారా హాజరు రాస్తారు. టైమ్ ఆఫీసుకు ఒకటి, స్టోర్సుకు ఒకటి, నాకు ఒకటి. ఎవరు ఎటునుంచి రాసినా పడేది అదే ఫైలులో. మీ బావగారు కాపలా పెట్టింది మాత్రం ఒక్క నా సర్వరు మీదే. మిగతా మూడింటికి వచ్చే వారం మనిషిని పంపుతానని చెప్పి, మేనేజరు దగ్గర సంతకం పెట్టించుకుని బస్సెక్కేశారు. నేనే పెట్టుకుందామంటే పాస్‌వర్డు ఆయన దగ్గరుంది.

పరీక్ష కోసం స్టోర్సు సర్వరులో కూర్చుని ఒక పనికిరాని ఫైలు చెరిపాను. నీ కాపలాకు చీమ కుట్టినట్టయినా లేదు. నువ్వు చెప్పిన ఎర్రదీపం కూడా ఎక్కడా వెలగలేదు. మనిషే లేని దారి, మనిషి ఉండి ఎవరూ దాటని దారి, రెండూ దానికి ఒకటే అయిపోయాయి. మేనేజరుకు చెప్తే, "పెట్టేసినారు గదమ్మా, బిల్లు గూడా పాసయిపోయింది. మళ్ళా యాడ తిరుగుదుము?" అన్నాడు. ఆ బావగారిని నువ్వే కదిలించాలి.

మిగతాదంతా బాగుంది. పొద్దున హాజరు ఫైలు చూసి క్యాంటీను టోకెన్లు ఇచ్చే పని కూడా నాకే తగిలించారు. మా చర్చికి వచ్చే లేవి అని ఒకాయన ఉన్నాడు, కాంట్రాక్టు కూలి, రాయి మోసే బెల్టు దగ్గర పని. రోజూ కిటికీ దగ్గరికొచ్చి, "క్రిస్టినమ్మా, ఈ పొద్దు రెండియ్యమ్మా, ఆకలి శానాగా ఉండాది" అంటాడు. రోజూ ఒకటే ఇస్తాను. రోజూ నవ్వి పోతాడు.

నీ
క్రిస్టీ

*

శ్రీ

కర్నూలు,
ఏప్రిల్ 2, 2007

క్రిస్టీ,

ఆలస్యానికి కోప్పడకు. ఆడపడుచు కూతురి నామకరణంలో పడి ఊపిరాడలేదు.

బావగారికి చెప్పాను. చూద్దామన్నారు. ఎర్రదీపం సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. నాకు చెప్పకుండా తీసేయించారట. దీపం వెలిగితే కొన్నవాళ్ళు ఫోన్ చేస్తారు, ఫోన్ చేస్తే మనిషిని పంపాలి, పంపడానికి మనుషులు యాడుండారమ్మా అంటారాయన. ఆయన బాధ ఆయనది. దీపం లేకపోతే అందరూ ప్రశాంతంగా ఉన్నారట. మీ నాన్నగారికి మాత్రం ఈ ముక్క చెప్పకు, నాకు సిగ్గుగా ఉంది.

అందాకా ఏమీ కాదులే. ముఖ్యమైన ఫైళ్ళన్నీ నీ చేతిమీదుగానే కదా పోయేది. నీ సర్వరు మీద కాపలా ఉంది, నువ్వున్నావు. ఇంకేం కావాలి?

ఎండలు ముదురుతున్నాయి. తుంగభద్రలో ఇసుక తప్ప నీళ్ళు కనపడడం లేదు. ఒకసారి రారాదూ, మేడగది చూపిస్తాను.

నీ
వాసవి

*

ఎర్రగుంట్ల,
జూన్ 9, 2007

వాసవీ,

లేవి చనిపోయాడు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం బెల్టు కింద పడ్డాడు. ఆపమని అరిచేలోపల అంతా అయిపోయింది. నేను చూడలేదు. చూసినవాళ్ళు ఇంకా సరిగ్గా అన్నం తినడం లేదు.

మర్నాటికే కాంట్రాక్టరు మనుషులు ఒక మాట మొదలుపెట్టారు. ఆ రోజు లేవికి డ్యూటీ లేదట. కూలి అడగడానికి వచ్చి అడ్డదారిన పోతూ పడ్డాడట. డ్యూటీలో పోతే భార్య గురమ్మకు పరిహారం వస్తుంది, పెద్దకొడుక్కి పని ఇస్తారు. డ్యూటీ లేకపోతే మేనేజరు పోయి ఒక పూలదండ వేసి వస్తాడు. తేడా అంతే.

ఆ పొద్దున హాజరు ఫైలులో లేవి పేరు నేను చూశాను. చూసే టోకెను ఇచ్చాను. రెండడిగాడు, ఒకటిచ్చాను. సాయంత్రం రోజూ చేసేదే, ఆ ఫైలును పాత ఫైళ్ళలోకి మార్చాను. అప్పుడు నా కళ్ళలో నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు, తెరిచి చూడలేదు. మర్నాడు చూస్తే లేవి పేరు లేదు. పైన హనుమన్న ఉన్నాడు, కింద గాబ్రియేలు ఉన్నాడు. మధ్యలో ఖాళీ కూడా లేదు.

నీ కాపలా చిట్టా తీశారు. ఆ రోజు ఆ ఫైలు తెరిచింది క్రిస్టినా. పాత ఫైళ్ళలోకి మార్చింది క్రిస్టినా. ఇంకొకరి పేరు లేదు. నాకు తెలిసి అది టైమ్ ఆఫీసు నుంచే జరిగింది. కాంట్రాక్టరు మనుషులు రోజూ కూర్చునేది అక్కడే. ఆ సర్వరు మీద కాపలా లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మేనేజరు నన్ను పిలిచి చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "చూడమ్మా, నువ్వు తప్ప ఎవురూ ఆ ఫైలు ముట్టుకోలేదు. అంటే ఆయప్ప పేరు ముందునుంచీ లేనట్టే. లేదూ, ఉన్నింది అంటావా, అప్పుడు తీసేసింది నువ్వే అయితాది. ఏది రాసుకోమంటావో నువ్వే జెప్పు" అన్నాడు. ఉన్నిందనే చెప్పాను. నా మీద విచారణ వేశారు. స్టోర్సు సర్వరులో చేసిన పరీక్ష మళ్ళీ చేసి చూపిద్దామంటే కంప్యూటర్ రూములో అడుగు పెట్టనివ్వడం లేదు.

నాకు ఒక్క కాగితం కావాలి. కాపలా ఒక్క సర్వరు మీదే ఉందని, మిగతా మూడింటి ద్వారా జరిగేది దానికి కనపడదని, ఆ ప్రోగ్రాం రాసిన మనిషిగా నువ్వు రాసి సంతకం పెట్టు. నేను చెప్తే నన్ను కాపాడుకోవడానికి అంటారు. నువ్వు చెప్తే ఎవరూ కాదనలేరు.

వెంటనే పంపు.

క్రిస్టీ

*

శ్రీ

కర్నూలు,
జూన్ 24, 2007

ప్రియమైన క్రిస్టీ,

నీ ఉత్తరం చదివి ఆ పూట వంట చేయలేకపోయాను. లేవి రెండో టోకెను మాట మరీ మరీ గుర్తొస్తోంది.

బావగారితో మాట్లాడాను. నువ్వు అడిగింది రాసివ్వడం అంత సులువు కాదు. నీకు దాచడమెందుకు, బిల్లులో నాలుగు సర్వర్లకూ పెట్టినట్టు ఉందట. పెట్టింది ఒకదానికేనని ఇప్పుడు నా సంతకంతో పోతే, అది మీ విచారణతో ఆగదు. కంపెనీ మామగారు తిరుమలయ్య పేరు మీదే ఉంది. బజార్లో ఇన్నేళ్ళు తల ఎత్తుకుని తిరిగిన మనిషి. ఈ వయసులో ఆయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పమంటావా? మా ఆయన కళ్యాణ్ అయితే మాట్లాడడమే మానేశారు. నేనే ఏదో తప్పు చేసినట్టు ఇంట్లో అందరూ నా ముఖం వైపు చూస్తున్నారు.

నాకొకటి తోస్తోంది. పొద్దున టోకెన్ల హడావుడిలో సరిగ్గా చూడలేదేమో, నిన్నటి ఫైలు చూసి పొరపాటు పడ్డానేమో అని చెప్పేయరాదూ? పొరపాటు ఎవరికైనా సహజం. ఉద్యోగం నిలబడుతుంది. చనిపోయిన మనిషి ఎలాగూ తిరిగిరాడు. బతికున్నవాళ్ళం మనం బతకాలి కదే.

తొందరపడి ఏమీ రాసివ్వకు. నేను ఇంకా ప్రయత్నిస్తున్నాను.

నీ
వాసవి

*

ఎర్రగుంట్ల,
జూలై 8, 2007

వాసవికి,

పొరపాటు పడ్డానని చెప్పను. ఇంకోసారి ఆ మాట రాయకు.

మా చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. నీకు హాస్టల్లో చెప్పాను, మర్చిపోయి ఉంటావు. ఏ ఇంట్లోనైనా అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆదివారం అదంతా తెచ్చి గంపలో పోస్తారు. లేనివాళ్ళకు పోయేది ఆ బియ్యమే. కొన్నేళ్ళుగా ఆ గంప పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేది నేను. పోయిన ఆదివారం గురమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చింది. మొగుడు పోయినా బియ్యం తీయడం మానలేదు. చేతిలో చిన్న సంచి. నా గంప దాకా వచ్చి ఆగి, సంచి మూతి మళ్ళీ బిగించుకుంది.

"మా ఆయప్ప పేరు తుడిచిన చేతుల్లో ఎట్ల పోద్దునమ్మా?" అంది.

గొంతు పెంచలేదు. తిట్టలేదు. లోపలికి పోయి పాస్టరుగారి కాళ్ళ దగ్గర పోసింది. వెనకాల వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే గంపను తప్పించుకుని లోపలికే పోయారు. పాట మొదలైంది. నేను అరగంప బియ్యంతో గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాను.

ఫ్యాక్టరీ లెక్కలో నేను మావాళ్ళ కోసం అబద్ధం ఆడినదాన్ని. మావాళ్ళ లెక్కలో ఫ్యాక్టరీ కోసం పేరు తుడిచినదాన్ని. రెండు పక్కలా చూపిస్తున్నది నీ చిట్టానే.

ఇంకో దారి కూడా ఆలోచించాను. విచారణలో అడగడానికి ఒక ప్రశ్న దాచిపెట్టుకున్నాను, నీకొక్కదానికే చెప్తున్నాను. ఆ రోజు ఫైలులో కూలీల పేర్లన్నీ గేటు వాళ్ళు పొద్దునే రాశారు. కాపలా నాలుగు సర్వర్లనూ చూస్తుంటే, ఆ రాసినట్టు చిట్టాలో ఉండాలి కదా. లేదు. నేను తెరవడంతోనే చిట్టా మొదలవుతోంది. మరి ఆ పేర్లన్నీ ఆకాశం నుంచి పడ్డాయా? ఈ ఒక్క ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు లేదు. గేటు కనపడనప్పుడు టైమ్ ఆఫీసూ కనపడదని చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. దీనికి తోడు నీ కాగితం కూడా ఉంటే నన్ను ఎవరూ కదపలేరు.

నీ మామగారి తల గురించి రాశావు. నా తల గురించి కూడా ఒకసారి ఆలోచించు. మా ఇంట్లో చదువుకున్న మొదటి ఆడపిల్లను నేను. ఈ ఊళ్ళో నాకు ఆస్తి లేదు, మనుషులు లేరు. ఉన్నది ఒక్క పేరు.

కాగితం పంపు వాసవీ. బతిమాలుతున్నాను.

క్రిస్టీ

*

కర్నూలు,
ఆగస్టు 6, 2007

క్రిస్టినా గారికి,

మీ ఉత్తరాలు అందినవి. నాకు ఒంట్లో బాగుండడం లేదు కాబట్టి జవాబు రాయలేకపోయాను. ప్రోగ్రాంకు సంబంధించిన సంగతులు ఏవైనా ఉంటే ఇకపై కంపెనీ అడ్రసుకు రాయగలరు. ఇంటికి రాయవద్దు.

శ్రీవాసవి

*

ఎర్రగుంట్ల,
సెప్టెంబరు 15, 2007

శ్రీవాసవికి,

ఇంటికి రాయవద్దన్నావు. ఇంటికే రాస్తున్నాను. కంపెనీకి రాయడానికి నాకేమీ లేదు.

విచారణ నిన్న ముగిసింది. పెద్ద టేబులు, అవతల ముగ్గురు, ఇవతల నేను. నేను దాచుకున్న ప్రశ్న అడగడానికి నోరు తెరిచేలోపలే మేనేజరు ఒక కాగితం తీశాడు. "ప్రోగ్రాం చేసినోళ్ళు రాసిచ్చినారు, ఇనుకోమ్మా" అని చదివాడు. కాపలా నాలుగు సర్వర్ల మీదా పనిచేస్తున్నదట. గేటులో పొద్దున రాసే హాజరు రోజువారీ పని కాబట్టి దాన్ని చిట్టాలో ఎక్కించకుండా ముందే ఏర్పాటు చేశారట. మిగతా ఏ మార్పు ఎటునుంచి జరిగినా చిట్టాలో పడి తీరుతుందట. కింద నీ సంతకం.

ఆ రెండో వాక్యం ఎంత బాగా కుదిరింది! నా ప్రశ్నకు అచ్చంగా సరిపోయింది. కానీ ఆ ప్రశ్న నేను అక్కడ ఇంకా అడగనేలేదు వాసవీ. ప్రపంచంలో నీకొక్కదానికే రాశాను. కాగితం మీద రాశాను, కాగితాన్ని ఎవరూ చూడరని నువ్వే అన్నావు కాబట్టి.

బావగారు రాయించి నీ చేత బలవంతంగా సంతకం పెట్టించారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. కాగితం చూడనివ్వమని అడిగాను. ఇచ్చారు. టైపు చేసిన కాగితం. ఎడమ పైమూల పెన్నుతో పెట్టిన చిన్న శ్రీ. నువ్వే కూర్చుని, మొదలుపెట్టేముందు దేవుణ్ణి తలుచుకుని మరీ, ఆ అబద్ధం రాశావు.

నా కడుపు మండుతోంది. ఇంకోలా చెప్పడం నాకు రాదు. నన్ను పనిలోంచి తీసేసినందుకు కాదు. తీసేశారు, అది కూడా నిన్ననే. గురమ్మ అర్జీని కూడా నీ కాగితం చూపించే కొట్టేశారు. లేవి ఆ రోజు పనికి రాలేదని ఇప్పుడు రుజువైపోయింది. బెల్టు కింద పడి చచ్చిపోయిన మనిషి పనికి రాలేదు. నీ ప్రోగ్రాం చెప్పింది, నువ్వు చెప్పావు.

ఒక్కటి చెప్పు. ఆ వాక్యం రాసేటప్పుడు నీకు నేను గుర్తొచ్చానా?

క్రిస్టినా

*

శ్రీ

కర్నూలు,
అక్టోబరు 21, 2007

క్రిస్టీ,

గుర్తొచ్చావు. అందుకే ఆ వాక్యం అంత బాగా కుదిరింది. నువ్వు ఎలా అడుగుతావో నాకు తెలుసు కదా.

నీ జూలై ఉత్తరం నేనే బావగారికి చూపించాను. గురమ్మ బియ్యం సంగతి చదివితే ఆయన మనసు కరుగుతుందనుకున్నాను. ఆయన ఆ ముక్క దాటేసి కింది పేరా దగ్గర ఆగి, "ఈ పాప తెలివైందమ్మా. దీనికి జవాబు నువ్వు తప్ప ఎవురూ రాయలేరు" అన్నారు. ఇంట్లో అందరూ కూర్చున్నారు. మామగారు నేల చూస్తూ ఉండిపోయారు. ఆయన తిట్టినా బాగుండేది. నేను పైకి పోయి రాసి తెచ్చాను. అప్పటి నుంచి ఇంట్లో నన్ను అందరూ బాగా చూస్తున్నారు. అన్నం ముందు నాకు వడ్డిస్తున్నారు. అది మింగుడు పడడం లేదని ఎవరికి చెప్పను?

దీనితో ఇంకో కాగితం పంపుతున్నాను. అందులో ఉన్నదంతా నిజం. కాపలా ఒక్క సర్వరు మీదే ఉందని, ఎర్రదీపం ఎందుకు తీసేశారో, టైమ్ ఆఫీసు నుంచి పేరు తీసేస్తే చిట్టాకు ఎందుకు తెలియదో, గేటు మాట అబద్ధమని, అన్నీ వివరంగా రాశాను. కడపలో లేబర్ ఆఫీసరుకు ఇవ్వు. చదివితే తెలిసినవాళ్ళెవరికైనా అర్థమవుతుంది. ఎవరు రాశారని అడిగితే మాత్రం నా పేరు చెప్పకు. సంతకం పెట్టలేదు. పెట్టలేను క్రిస్టీ. నేను ఈ ఇంట్లోనే బతకాలి.

నన్ను క్షమించమని అడగను. కాగితం మాత్రం వాడుకో.

వాసవి

*

బేతంచెర్ల,
నవంబరు 25, 2007

వాసవికి,

నీ ఉత్తరం ఎర్రగుంట్ల పోయి, అక్కడ నేను లేక, ఇక్కడికి వచ్చింది. నాన్న దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ పాలిష్ బండల ఫ్యాక్టరీలో లారీలకు చీటీలు రాసే పని దొరికింది. తెల్లపొడి జుట్టులోంచి ఎంత కడిగినా పోదు.

నీ కాగితం చదివాను. ప్రతి మాటా నిజం. నేను రాసినా ఇంత స్పష్టంగా రాయలేకపోయేదాన్ని. చదువుతుంటే నా పాత వాసవి పక్కన కూర్చుని పాఠం చెప్తున్నట్టే ఉంది. ఏడ్చాను కూడా, నీకు చెప్పకుండా దాచడమెందుకు?

గురమ్మను తీసుకుని కడప వెళ్ళాను. నాతో రానంది మొదట. పాస్టరుగారు చెప్తే వచ్చింది. బస్సులో పక్కన కూర్చోలేదు. ఆఫీసరు మంచివాడే. కాగితం మొత్తం చదివి, తిరగేసి చూసి, మళ్ళీ ముందుకు తిప్పాడు. "ఇంత తెలిసినోళ్ళు పేరెందుకు రాయలేదమ్మా? ఆళ్ళ కాగితం మీద సంతకం ఉండాది, దీని మీద లేదు. నేను దేన్ని పట్టుకోవాల?" అని తిరిగి ఇచ్చేశాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. నీ సంతకాన్ని కొట్టేయడానికి మళ్ళీ నీ సంతకమే కావాలి.

బయటికొచ్చాక ఆఫీసు మెట్ల మీద కూర్చుని గురమ్మకు ఆ కాగితం మొదటినుంచీ చదివి, మామూలు మాటల్లో విడమరిచి చెప్పాను. లేవి పేరు నేను తీయలేదని, తీసినవాళ్ళ వైపు కాపలా లేనేలేదని. చివరిదాకా విన్నది.

"ఎవురు రాసినారమ్మా ఇది?"

నీకు మాట ఇవ్వలేదు, అయినా చెప్పలేకపోయాను. ఇన్నాళ్ళ స్నేహం ఆ ఒక్కచోట అడ్డం పడింది. నీ మీద ఇంత కోపంలో కూడా నీ పేరు నా నోటినుంచి రాలేదు చూడు, అది నాకే అసహ్యంగా ఉంది.

గురమ్మ కొంగు సర్దుకుని లేచింది. "నువ్వే రాసుకోనుంటావులే" అంది. కోపంగా కూడా అనలేదు. తిరుగు బస్సు ఎక్కేముందు అరటిపండు కొనిస్తే వద్దంది.

ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పాను. ఆయన ఇప్పుడు గనికి పోవడం లేదు, మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. నువ్వు ఆయన పద్ధతిని ప్రోగ్రాంలో పెట్టావని తెలిసి మురిసిపోయి, తీసేశారని తెలిసి మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు అడిగాను. గనిలో ఎవరైనా పేరు చెప్పకుండా పలికితే ఏం చేసేవాళ్ళు నాన్నా అని.

"ఏం జేస్తాం పాపా. పేరు జెప్పకపోతే ఆడ ఎవురూ లేరనే అనుకుంటాం" అన్నాడు.

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. ఎడమ పైమూల శ్రీ ఉంది. కుడి పక్క కింద ఖాళీగా ఉంది. ఎప్పుడైనా అక్కడ పేరు రాయగలిగితే నాకు పంపవద్దు, గురమ్మకు పంపు. ఆమె అడ్రసు రాసి, స్టాంపు అంటించిన కవరు ఇందులోనే పెట్టాను. నువ్వు చేయాల్సింది పేరు రాయడం ఒక్కటే.

ఇక నేను రాయను.

ఇట్లు,
బేతంచెర్ల లాజరు కూతురు
క్రిస్టినా